భాద్రపదం ఆలస్యంగా వచ్చిన ఏడాది

రిటైరయ్యానని చెప్పుకోవడానికి నాకింకా వయసు చాలదు. ముప్పై మూడేళ్ళు. అయినా ఒక ఉద్యోగం నుంచి పూర్తిగా, మళ్ళీ ఆ మెట్లు ఎక్కనన్నంత గట్టిగా బయటికొచ్చాను కాబట్టి దాని గురించి మాట్లాడే హక్కు ఉందనుకుంటాను. వకీళ్ళ ఆఫీసుల్లో గుమస్తాలుగా, కంప్యూటర్ మనుషులుగా చేరుతున్న మన గల్లీల పిల్లల కోసం ఇది రాస్తున్నాను. చట్టం నేర్పడానికి కాదు. చట్టం మీకు ఆఫీసులోనే వస్తుంది.

కామాటిపురా తెలుగు గల్లీల్లో పుట్టాను. మా తాత ఇళ్ళు కట్టే కూలీగా వచ్చాడు, మా నాన్న ప్లంబరు. నేను మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడో తరగతి దాకా, వేరే బడిలో పది దాకా చదివి, తర్వాత పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా చేశాను. ఇరవై నాలుగేళ్ళప్పుడు నాగ్‌పాడాలో ఒక వకీలు ఆఫీసులో పని దొరికింది. లోకల్ రైళ్ళ నుంచి పడి చనిపోయినవాళ్ళ కుటుంబాల తరఫున, రైల్వే పరిహారాల ట్రిబ్యునల్లో దావాలు వేయడమే ఆ ఆఫీసుకు ముఖ్యమైన పని. ఈ నగరంలో ఆ పనికి కరువు ఉండదు.

ఈ దావాలకు ప్రాణం ఒక్కటే: గడువు. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడాదిలోగా అర్జీ పడాలి. దాటితే, ఎందుకు దాటిందో వేరే దరఖాస్తు పెట్టి, ప్రమాణపత్రం జతచేసి, మాఫీ అడగాలి. కారణం నమ్మితే అర్జీ తీసుకుంటారు. నమ్మకపోతే చనిపోయినవాడు టికెట్ కొన్నాడా, ఎలా పడ్డాడు అనే ప్రశ్నల దాకా కూడా వెళ్ళకుండానే కేసు ముగుస్తుంది.

నన్ను తీసుకున్నది ఆ గడువుల కోసమే. అంతకుముందు ఆఫీసులో అవన్నీ ఒక ముసలి గుమస్తా తలలో ఉండేవి. ఆయనా మన గల్లీ మనిషే, అందరూ కాకా అనేవారు. నేను వచ్చి కంప్యూటర్లో ప్రతి కేసుకూ ఒక వరస పెట్టాను: పేరు, ప్రమాదం తారీఖు, చివరి రోజు, చేతికొచ్చిన కాగితాలు, రావలసినవి. కాగితాలన్నీ ఉండి, సంతకానికి మనిషి వచ్చే రోజు కూడా తెలిస్తే ఆ వరస ఆకుపచ్చగా మారుతుంది. నెల కన్నా తక్కువ ఉండి ఏదైనా లోటుంటే ఎర్రగా. కాకా నా వెనక నిలబడి చూసి, "ఏందిరా, పొద్దుగాలనే ముగ్గేస్తున్నవా?" అనేవాడు. నవ్వేవాణ్ణి. నాలుగేళ్ళలో ఒక్క గడువు కూడా తప్పలేదు. ఆ మాట నేను బయట కూడా చెప్పుకునేవాణ్ణి.

ఆమె మా ఆఫీసుకు వచ్చింది నా ఐదో ఏడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. భర్త సెంట్రింగ్ పని చేసేవాడు. దూరాన, శివార్లలో ఎక్కడో కడుతున్న టవర్ నుంచి తిరిగొస్తూ, వినాయకుడు కూర్చున్న మూడో రోజు సాయంత్రం, నిండిపోయిన రైలు పెట్టె గుమ్మం నుంచి జారిపోయాడు. జేబులో నెలవారీ పాసు భద్రంగా దొరికింది. స్టేషన్ రికార్డు ఉంది, పంచనామా ఉంది, ఆసుపత్రి కాగితం ఉంది. ఇంత శుభ్రమైన కేసు ఏడాదికి ఒకటి రెండు కన్నా రావు. మా గల్లీకి రెండు గల్లీల అవతల, ఒంటిగది ఇళ్ళ చాల్ ఒకదానిలో, భర్త అన్నగారి ఖోలీలో ఒక మూలన ఆమె, తొమ్మిదో తరగతి చదివే కూతురు. ఆమె ఆఫీసులు ఊడ్చే పని చేసేది. పరిహారం వస్తే సొంతంగా ఒక ఖోలీ పగిడికి, అంటే ముందే పెద్ద మొత్తం కట్టి, తీసుకుని కూతుర్ని ఇక్కడే పదో తరగతి గట్టెక్కించాలని ఆమె ఆలోచన. రాకపోతే ఊరికి పోవాలి. ఊళ్ళో ఆ పిల్లకు బడి ఉండదు, పెళ్ళి ఉంటుంది. ఈ సంగతి ఆమె మొదటి రోజే, కూర్చోకముందే చెప్పింది.

భర్త పోయి అప్పటికి నెల. కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో తెచ్చింది. ఒక్కొక్కటీ చూసి వరసలో ఎక్కించాను. ఏడాదిలోపు అర్జీ వేయాలని చెప్పాను. వకాల్తా మీద, అర్జీ మీద సంతకం కావాలన్నాను. ఆమె చేతులు వెనక్కి తీసుకుంది.

"యాడాది పెట్టేదాక ఆయన పేరు మీద ఏ కాయితం మీద చెయ్యి పెట్టొద్దన్నడు మా బావ. పైసల కాయితం అసలే వద్దన్నడు. ఆయన ఇంకా ఇంట్లనే ఉంటడంట తమ్మీ. యాడాది పెట్టినంక వస్త. అప్పుడు ఏడ జెప్తే ఆడ జేస్త."

నాకిది కొత్త కాదు. మా ఇంట్లోనూ తాత పోయినప్పుడు ఏడాది పెట్టేదాకా, అంటే సంవత్సరీకం అయ్యేదాకా, ఆయన బీమా కాగితాలు ముట్టలేదు. పోయిన మనిషికి వెల కట్టి డబ్బు తీసుకుంటే, ఆ ఏడాదంతా మనిషి గుమ్మంలో నిలబడి చూస్తాడని మా నాయనమ్మ అనేది. అందుకని ఆమెతో వాదించలేదు. సరే అన్నాను.

ఆమె వెళ్ళాక కాకా తన కుర్చీలోంచి అన్నాడు: "ఆమె బావ దగ్గరికి పోయి కూసో. ఒక చాయ్ తాగు. ఒప్పియ్యి. చావు ఇంట్ల మాట కంప్యూటర్ల పెట్టి ఊకోకు."

నేను వెళ్ళలేదు. వెళ్ళనవసరం లేదని లెక్క తేలింది. సంవత్సరీకం తిథి ప్రకారం పెడతారు. మన పంచాంగం ఏడాది, ఇంగ్లీషు ఏడాది కన్నా పదకొండు రోజులు చిన్నది. మా తాతది అలాగే పదకొండు రోజుల ముందు వచ్చింది. కాబట్టి ఆమె సంవత్సరీకం గడువుకు పదకొండు రోజుల ముందు అయిపోతుంది. ఊళ్ళో పెట్టినా, వచ్చి సంతకం చేయడానికి వారం చాలు. ఆ తారీఖును 'మనిషి వచ్చే రోజు' గడిలో వేశాను. వరస ఆకుపచ్చగా మారింది. ఆమెకు చివరి తారీఖు కాగితం మీద రాసి ఇవ్వలేదు. ఇస్తే ఆమె పూజారికి చూపించేది. పూజారి చెప్పేవాడు.

గడువుకు నెల ముందు ఫోన్ చేశాను. అది నా పద్ధతి. తల్లీకూతుళ్ళు ఊరికి వెళ్ళారని, ఏడాది పెట్టినంక వస్తారని బావ చెప్పాడు. ఎప్పుడు అని నేను అడగలేదు. నాకు తెలుసు కదా.

పదకొండు రోజులు మిగలాల్సిన రోజు వచ్చింది, వెళ్ళింది. ప్రయాణం కదా అనుకున్నాను. మరో నాలుగు రోజులు గడిచాయి. ఆమె ఫోన్ అందలేదు. ఊళ్ళో సిగ్నల్ ఉండదు అనుకున్నాను. వరస ఇంకా ఆకుపచ్చగానే ఉంది. దాన్ని అలా ఉండమని చెప్పింది నేనే, అది ఉంది. ఇంకో మూడు కేసుల గడువులు అదే వారంలో ఉండటంతో వాటి వెనక తిరిగాను. అవి మూడూ వేళకు పడ్డాయి.

చివరి రోజు శుక్రవారం. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి నడుస్తున్నాను. మా గల్లీ మొదట్లో వినాయకుడి మండపం కోసం లారీలోంచి వెదుళ్ళు దింపుతున్నారు. మండలి కుర్రాళ్ళు పక్కన నిలబడి చందా పుస్తకాలు పంచుకుంటున్నారు. నేను వాళ్ళను దాటి పది అడుగులు వేసి ఆగిపోయాను. అతను పోయింది వినాయకుడు కూర్చున్న మూడో రోజున. ఇక్కడ ఇంకా వెదుళ్ళు దిగుతున్నాయి.

ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. శ్రావణం రెండు నెలలు నడిచింది. దాని తర్వాత వచ్చేవన్నీ వెనక్కి జరిగాయి: చవితి, దసరా, దీపావళి, అతని సంవత్సరీకం. గడువుకు పదకొండు రోజులు ముందు రావలసింది, గడువు దాటాక దాదాపు మూడు వారాలకు పోయింది. మా తాత పోయిన ఏడు అధికమాసం లేదు. నేను ఒక్క ఏడాది చూసి సూత్రం తయారు చేశాను. అధిక శ్రావణంలో పెళ్ళిళ్ళు పెట్టుకోవద్దని మా అమ్మ పక్కింటావిడతో నెల రోజులు నా ముందే మాట్లాడింది. ఆఫీసు సెలవుల జాబితాలో వినాయక చవితి తారీఖు టైపు చేసింది నేనే.

అక్కడే గోడకు ఆనుకుని బావకు ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు. ఇంకా ఇరవై రోజులుంది గదా, ఏం తొందర అన్నాడు. ఏం చెప్పానో నాకే సరిగా గుర్తులేదు. నా లెక్క తప్పింది, అన్నా అని చెప్పాను. ఇవాళే ఆఖరు అన్నాను. ఆమె ఊళ్ళో ఉంది. బస్సుకు ఒక రాత్రి, ఒక పూట పడుతుంది. ట్రిబ్యునల్ కౌంటర్ సాయంత్రం మూస్తారు. సంతకం లేని అర్జీ ఎవరూ తీసుకోరు. బావ, "ఒక మాట ముందుగాల చెప్తే అయిపోతుండె గద పిలగా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

ఆమె ఏడాది పెట్టుకుని వచ్చి సంతకాలు చేసేటప్పటికి గడువు దాటి ఇరవై ఆరు రోజులు. ఇరవై ఆరు రోజులు పెద్ద ఆలస్యం కాదు. నిజం చెబితే మాఫీ దొరికే అవకాశం బాగానే ఉంది. ఆచారం ఒక కారణం, ఆఫీసు లెక్క తప్పడం ఇంకో కారణం. రెండూ నమ్మదగినవే. నేను ప్రమాణపత్రం చిత్తు అలాగే రాసి వకీలు సాబ్ ముందు పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు. ఈ ఆఫీసులో ఎన్నో కేసులు ఫీజు లేకుండా నడిపాడు. చదివి, ఆఫీసు లెక్క తప్పిందన్న పేరా మీద గీత పెట్టాడు. ఇది ఇలా పోతే రేపు ప్రతి కేసులో రైల్వే వకీలు నా ఆఫీసు నిర్లక్ష్యం గురించే మాట్లాడతాడు అన్నాడు. ఆమె మీద జాలి పడతారు, మన మీద ఎవరు పడతారు అన్నాడు. తర్వాత తనే చెప్పి రాయించాడు: అర్జీదారు చదువురాని వితంతువు, దుఃఖంలో సొంత ఊళ్ళో ఉంది, చట్టంలో గడువు ఉందనే సంగతి ఆమెకు తెలియదు.

నేను టైపు చేశాను. నాలుగో పేరా అది.

ప్రమాణపత్రాన్ని ఆమె భాషలో చదివి వినిపించాలి. వినిపించినట్టు కింద నా సంతకం ఉంటుంది. ఆమె నా ఎదురుగా కూర్చుంది. మొదటి మూడు పేరాలు చదివాను. నాలుగో పేరా దగ్గర, "ఆలస్యానికి మాఫీ అడుగుతున్నం అక్కా" అని, ఐదో పేరాలోకి వెళ్ళాను. ఆమె తల ఊపి సంతకం పెట్టింది. ఆ కింద నేనూ పెట్టాను. కాకా చూస్తూనే ఉన్నాడు. ఆ రోజు ముగ్గు మాట ఎత్తలేదు.

విచారణ రోజు సాబ్, నేను, ఆమె వెళ్ళాం. ఆమె ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుంది. ఎదురుగా రైల్వే వకీలు తన మామూలు అభ్యంతరం చెప్పాడు: గడువు తెలియదంటున్నారు, కానీ పోలీసు కాగితాల నకళ్ళు మొదటి నెలలోనే తీసుకున్నారు, ఎవరో సలహా ఇవ్వకుండా ఎలా తీసుకుంటారు? బెంచి మీది న్యాయసభ్యుడు కాగితాలు తిరగేసి, ఆమె వచ్చిందా అని అడిగాడు. ఇలా నేరుగా అడగడం అరుదు. ఆమె లేచి నిలబడింది. ఆమెకు బజారు హిందీ బాగానే వచ్చు, కానీ అక్కడ దాన్ని నమ్ముకోలేదు. తెలుగులో చెబుతానంది. తెలుగు వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని ఆయన అడిగితే సాబ్ నా వైపు చెయ్యి చూపించాడు.

ఏడాదిలోగా అర్జీ వేయాలనే సంగతి మీకు ఎప్పుడు తెలిసింది? ఇదీ ప్రశ్న. నేను తెలుగులో అడిగాను.

"మొదట్లనే తెల్సు సార్," అంది ఆమె. "ఈ తమ్మి చెప్పిండు. ఆయన పోయిన నెలకే చెప్పిండు. యాడాది పెట్టినంక వస్తనని నేనే అన్న. సరే అన్నడు."

చెప్పి, నా వైపు తిరిగి చూసింది.

అనువాదం కోసం చూస్తోందనుకున్నాను. మనిషి ఎంత అమాయకురాలు, నన్ను మెచ్చుకోబోయి తన కేసు తనే చంపుకుంది అని కూడా ఆ క్షణంలో అనుకున్నాను. సాబ్ బల్ల కింద నా బూటు తొక్కాడు. నేను మాత్రం ఆమె చెప్పిందంతా హిందీలో చెప్పాను. మొదట్లోనే తెలుసు, ఈయన చెప్పాడు, సంవత్సరీకం తర్వాత వస్తానన్నాను, సరే అన్నాడు. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు. అలా చేయడం ఆ పూట నాకు నిజాయితీలా కనిపించింది.

న్యాయసభ్యుడు నాలుగో పేరా మీద వేలు పెట్టి ఉంచాడు. రాస్తున్న పెన్ను ఆపి అడిగాడు, ఇంకేమైనా ఉందా అని.

నేను ఆమె వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. ఎంతసేపో చెప్పలేను. గడియారం చూసుకునే అలవాటున్న నేను ఆ ఒక్కసారి చూసుకోలేదు.

"అంతే సార్," అన్నాను.

ఉత్తర్వు పేజీన్నర. గడువు సంగతి తెలియదని ప్రమాణం చేసిన అర్జీదారు, తనకు మొదటినుంచీ తెలుసని స్వయంగా చెప్పింది. ఆలస్యానికి చూపిన కారణం నిజం కాదు. దరఖాస్తు కొట్టివేయడమైనది. ఆమె భర్త ఎలా పడ్డాడన్నది ఆ పేజీన్నరలో లేదు. పాసు ప్రస్తావన కూడా లేదు. బయట వరండాలో సాబ్ నాతో, కొంచెం తెలివిగా అనువాదం చేసి ఉండాల్సింది అన్నాడు. ఆఫీసుకొచ్చాక కాకా మొత్తం విన్నాడు. విని, "ఆమె మాట మంచిగనే చెప్పినవురా. నీ మాటేది?" అని, తన డబ్బా తెరిచి అన్నం తినడం మొదలుపెట్టాడు.

అప్పీలు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. దానితో దీన్ని ముగిస్తే ఏదో చక్కబడినట్టు కనిపిస్తుంది, అది నాకిష్టం లేదు. ట్రిబ్యునల్ ఉత్తర్వు మీద హైకోర్టుకు వెళ్ళడానికి తొంభై రోజులుంటాయి. ఉద్యోగం మానేసి, ఉచిత న్యాయసహాయం వకీలు ద్వారా అప్పీలు వేయించాను. నా లెక్క ఎలా తప్పిందో, నాలుగో పేరా ఎలా పుట్టిందో, దాన్ని ఆమెకు ఎలా చదివి వినిపించలేదో నా పేరు మీద ప్రమాణపత్రం రాసి జతచేశాను. గడువులోపలే పడింది. అది ఇంకా విచారణకు రాలేదు. ఈలోపు బావ ఖోలీ ఖాళీ చేసి పోయాడు. ఆమె ధారావిలో తెలిసినవాళ్ళ దగ్గర చేరింది. కూతురు పదో తరగతి పరీక్ష రాయలేదు. ఊళ్ళో ఉంది. నేనిప్పుడు లిఫ్టుల మరమ్మతు కంపెనీలో తనిఖీల పట్టికలు చూస్తున్నాను. ప్రతి తారీఖూ ఇంకొకరితో కూడా లెక్క వేయిస్తాను. నా చాదస్తమని అక్కడివాళ్ళు నవ్వుకుంటారు.

చెప్పాల్సింది ఉత్తర్వు వచ్చిన తర్వాతి ఆదివారం సంగతి. అప్పటికింకా ఆమె కామాటిపురాలోనే ఉంది. మధ్యాహ్నం చాల్‌కు వెళ్ళాను. రెండో అంతస్తు వరండాలో కటకటాలకు ఆనుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కూర్చోమని పీట జరిపింది. నేను నిలబడే, దారిలో తయారు చేసుకున్న వరసలోనే చెప్పాను. ఉత్తర్వులో ఏముందో చెప్పాను. తొంభై రోజులు ఎప్పటికి పూర్తవుతాయో కాగితం మీద రాసి ఇచ్చాను. సంతకం పెట్టిన రోజు నేను చదవకుండా దాటేసిన పేరాలో ఏముందో చెప్పాను. ఆఖరున, ఆలస్యం ఆమెది కాదని, పంచాంగం చూడకుండా లెక్క వేసింది నేనేనని చెప్పాను. ఈ ముక్క తనకు కొత్త అని, విని తిడుతుందని అనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆమె చేట పక్కన పెట్టలేదు. ఏరుతూనే ఉంది.

"నీ లెక్క తప్పిందని నాకు ఎర్కనే తమ్మీ. ఆ దినం ఫోన్ల మా బావకు నువ్వే చెప్పినవు గద. ఊర్ల ఉన్నప్పుడే తెల్సు నాకు."

మరి అక్కడ ఆ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగే ముఖం నాకు లేదు, అయినా అడిగాను.

"నిన్ను పట్టుకొని తప్పు నీదని అంతమంది ముందట నేనెట్ల అంట? చదువుకున్న పోరడివి, కొలువు పోతది. నువ్వు చెప్పినవని అన్న, యాడాది అయినంక వస్తనంటినని అన్న, నువ్వు సరే అన్నవని అన్న. ఆడిదాక తెచ్చి ఆపిన. మిగిలింది నువ్వు చెప్తవని." చేటలోంచి ఒక రాయి తీసి కటకటాల అవతలికి విసిరింది. "ఇంకేమన్న ఉందా అని ఆ సారు అడిగిండు గద. నిన్నే అడుగుతుండు అనుకున్న."